పేరు కొడితేనే వెళ్లే కబురు

ఇప్పటి పిల్లలు మీరు కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో ఫోన్లో నలుగురితో మాట్లాడేస్తుంటారు. ఎవరి మాట ఎక్కణ్ణుంచి ఎలా వచ్చి మీ చేతిలో పడుతోందని ఒక్కసారైనా ఆలోచించారా? ఆలోచించరు. ఆ అవసరం లేకుండా చేసినవాళ్లలో మేం కూడా ఉన్నాం మరి, టెక్కలి మెయిన్‌రోడ్డులో మందుల షాపు మీద మేడగదిలో కూచుని. నవ్వితే నవ్వండి. మా మనవలు కూడా ఇలాగే నవ్వుతారు, నవ్వేసి చార్జరు ఎక్కడుందని నన్నే అడుగుతారు.

నేను మొదట పలాస టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటర్ని. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఈ ఊరి గొంతుని ఆ ఊరి గొంతుతో కలపడమే పని. తొంభైల చివరికి వీధికో ఎస్టీడీ బూత్ వచ్చేసింది, మా బోర్డుల మీద దుమ్ము పేరుకుంది. కొన్నాళ్లు నన్ను బిల్లుల సెక్షన్లో కూచోబెట్టారు. నాకు మనుషులతో పని పడాలి గానీ కాగితాలతో పొద్దుపోదు. విసుగెత్తి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. తీరా ఇంట్లో కూచున్నాక మా ఆయనకి నేనూ, నాకు మా ఆయనా బరువైపోతామేమోనని ఇద్దరికీ భయం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన హైదరాబాద్ ఉద్యోగం వదులుకుని సొంతూరు టెక్కలి వచ్చి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టాడు. ఫోన్లు చూసుకోడానికీ, కుర్రాళ్లు చేసిన పనిని వాడి చూసి తప్పులు చెప్పడానికీ ఒక మనిషి కావాలన్నాడు. తప్పులు చెప్పడానికి జీతం కూడా ఇస్తారా అని ఎగిరి గంతేశాను.

"ఇన్నాళ్లూ ఉచితంగా చేశావు కదే," అన్నారు మా ఆయన.

ఆఫీసంతా కలిపి నలుగురం. మా సారు, ప్రోగ్రాములు రాసే జలంత్రకోట కుర్రాడు, బొమ్మలు గీసే పూండి అమ్మాయి, నేను. పేర్లు చెప్పను. అందరూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు, రేపు పలాస స్టేషన్లో ఎదురైతే నాతో పోట్లాటకి వస్తారు.

రెండువేల ఏడో, ఎనిమిదో, ఆ ప్రాంతంలో విదేశాల్లో బొమ్మల ఊళ్ల పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్లో ఒక ఊరు ఉంటుంది. వీధులు, మేడలు, సముద్రం, అన్నీ ఉంటాయి. మీరో బొమ్మ వేషం కట్టి అందులోకి దిగాలి. నడవొచ్చు, సరదా పుడితే ఎగరొచ్చు. పక్కబొమ్మతో మాట్లాడాలంటే మాత్రం టైపు చేయాలి, ఆ మాట తెర మీద అక్షరాల్లో కనబడుతుంది. ఒక విదేశీ కంపెనీ తన ఉద్యోగుల మీటింగుల కోసం అలాంటి ఊళ్లో పెద్ద హాలు కట్టించుకుంది. హాలైతే కట్టారు గానీ ఆ ఊళ్లో మాట ఆ ఊళ్లోనే ఉండిపోయేది. బయట మామూలు మెసెంజర్ పెట్టుకుని కూచున్నవాడికి లోపలి మాట చేరదు, బయటి మాట లోపలికి రాదు. లోపలికి దిగాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలాయె, బయట తిరిగేవాడి చేతిలో ఉన్నది చిన్న ఫోను. ఈ రెంటినీ కలిపే వంతెన కట్టాలి. నా భాషలో చెప్పాలంటే రెండు ఎక్స్ఛేంజిల మధ్య లైను వేయాలి. ఆ పని చేతులు మారి మారి మా సారు చేతిలో పడింది.

కుర్రాడు హాల్లో గోడవార ఒక బొమ్మని నిలబెట్టాడు. ఆ బొమ్మ వెనక మనిషి లేడు, ఉన్నదల్లా ప్రోగ్రామే. హాల్లో ఎవరేమన్నా అది విని బయటి మెసెంజర్లకి పంపుతుంది, బయట నుంచి వచ్చింది హాల్లో చెబుతుంది. పూండి అమ్మాయి దానికి ఖాకీ చొక్కా తొడిగి, భుజాన సంచీ వేసి, చెవిలో పెన్సిలు దోపి అచ్చం మా పలాస బస్సు కండక్టర్లా తయారుచేసింది. అప్పట్నుంచీ దాని పేరు కండక్టరే.

మొదటి రోజు కండక్టర్ తన మాట తనే విని బయటికి పంపి, ఆ పంపింది మళ్లీ లోపలికి తెచ్చి, దాన్ని మళ్లీ విని పంపడం మొదలెట్టాడు. నేను కొట్టిన ఒక్క "హాయ్" హాలంతా నిండిపోయి కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"ఆంటీ, మరీ అంత ప్రేమగా హాయ్ సెప్పకండి," అంది పూండి అమ్మాయి. ఆంటీ అనే మాట నాకు పడదని తెలిసే అనేది.

అది సర్దుకున్నాక చాటుమాట సంగతి వచ్చింది. బయటివాడు హాల్లో ఒక్కరితోనే చెప్పుకోవాలనుకుంటే లైను మొదట్లో వాళ్ల పేరు కొట్టాలి. పేరుంటే కండక్టర్ ఆ మాటని ఆ ఒక్కరి తెర మీదే చూపిస్తాడు. పేరు లేదంటే హాలందరికీ అరిచి చెప్పేస్తాడు. రూలు ఇంతే. మా నలుగురిలో హాల్లో బొమ్మ ఉన్నది కుర్రాడికొక్కడికే. ఆ బొమ్మ నెత్తి మీద అతని అసలు పేరు ఇంటిపేరుతో సహా వేలాడుతుండేది. మార్చుకోవడానికి వీల్లేదు, కంపెనీ వాళ్ల నియమం.

పరీక్షించడానికి బయట ఒక మనిషి కావాలి. నేను పక్కగదిలోంచి కొడితే అది పరీక్షే కాదన్నాడు సారు. కదిలే రైల్లో, సిగ్నలు వచ్చీ రాని చోట, చిన్న ఫోనులోంచి కొట్టాలట. అలాంటి మనిషి కుర్రాడింట్లోనే ఉంది, అతని భార్య. మేనమామ కూతురే. ఆ మేనమామది కవిటి, బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కవిటి చుట్టూ ఉన్న మా ఉద్దానం ఊళ్లల్లో ఇదేం కొత్త కబురు కాదు, ఏ వీధికెళ్లినా ఒకరుంటారు. డయాలసిస్‌కి తండ్రిని వారానికి రెండుసార్లు రైల్లో విశాఖ తీసుకెళ్లి తీసుకొచ్చేది ఆ పిల్ల. ఒక్కతే కూతురు. మొగుడూ పెళ్లాలిద్దరూ కాశీబుగ్గలో అద్దెకి ఉండేవాళ్లు, ఆమె సగం రోజులు కవిటిలోనే. మొగుడితో తీరిగ్గా మాట్లాడేదే ఫోన్లో. ఇంకేం, పరీక్షకి సరిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆ విదేశీ కంపెనీ వాళ్లు డజను మంది బొమ్మలేసుకుని హాలు చూడ్డానికి వచ్చారు. మా సారు టై కట్టుకున్నాడు. బొమ్మల ఊళ్లో టై ఎవరికి కనబడుతుందని మేం అడగలేదు. అందరూ మీటింగు మొదలెట్టబోతుండగా కండక్టర్ హాలంతటికీ వినబడేలా ఒక మాట చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"బావా, బాక్సులో వంకాయ కూర ఎట్టేను. సాయంత్రం దాకా ఉంచకు, పాడైపోద్ది."

ఒక విదేశీ బొమ్మ, "బావా అంటే ఏమిటి?" అని అడిగింది. మా సారు నుదురు తుడుచుకుని, అది పరీక్ష కోసం వాడే పదం అని కుర్రాడి చేత కొట్టించాడు. ఆ వచ్చినవాళ్లకి అది ఎంత నచ్చిందంటే, మర్నాటి నుంచి హాల్లో అడుగుపెట్టగానే ఒకరినొకరు "బావా" అని పలకరించుకోవడం మొదలెట్టారు. పూండి అమ్మాయి కుర్చీలోంచి జారిపడేంత నవ్వింది.

వాళ్ల మేనేజరమ్మ మాత్రం నవ్వలేదు. మర్నాడు ఫోన్ చేసింది. ఒకరికి చెప్పాల్సిన మాట అందరికీ వినబడితే ఈ వంతెన మాకు అక్కర్లేదు, చివరి పరీక్షలో నేను చూసేది ఇదొక్కటే, ఒక్క మాట జారినా పని వేరేవాళ్లకి ఇస్తాను అని తేల్చి చెప్పింది. ఫోను పెట్టేసి సారు మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచాడు.

"ఇది గెలిత్తే మూడేళ్లు మనకి డోకా లేదు. పోతే మాత్రం ఈ గది ఖాళీ సేసేయడమే. మీ ఇద్దరికీ ఇక్కడే ఏదో ఒకటి దొరుకుద్ది. ఒరే, నీకు మాత్రం బెంగళూర్లో మా ఫ్రెండు కంపెనీలో సెప్తాను."

కుర్రాడు తలూపాడు గానీ మొహంలో నెత్తురు లేదు. బెంగళూరు వెళ్తే ఆమె రాదు, తండ్రిని వదిలి ఎలా వస్తుంది? ఆమెనీ ఆ పెద్దాయన్నీ వదిలి ఇతను ఎలా వెళ్తాడు? అలాగని ఇద్దరూ ఇక్కడే కూచుంటే రైలు టిక్కెట్లకీ మందులకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇదంతా అతను మాతో అనలేదు. అనక్కర్లేదు, మాకు తెలుసు.

"అయితే మీ ఆవిడకి పేరు కొట్టమని సెప్పు. ఆరు అక్షరాలు కొట్టడానికి ఏటంత కష్టం?" అన్నాడు సారు.

"సెప్పేను సార్. కొట్టదంట."

"ఏటీ, కొట్టదా?"

"మొగుడి పేరు అనకూడదంట."

"ఆ పిల్ల డిగ్రీ సదివింది కదరా!"

"సదివింది సార్. డిగ్రీలో ఈ సబ్జెట్టు లేదంట."

నేను మాత్రం నవ్వలేదు. ట్రంక్ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు ఎంతమందిని చూశానో! ఖరగ్‌పూర్‌లోనో పోర్ట్‌బ్లేర్‌లోనో ఉన్న మొగుడికి కాల్ బుక్ చేసి, ఎవర్ని పిలవాలమ్మా అంటే ముసిముసిగా నవ్వి, "ఆరినేనండీ" అనేవాళ్లు. ఆ "వారు" ఎవరో మేమే కనిపెట్టాలి. అంతదూరం ఎందుకు, మా ఆయన పేరు నేను మాత్రం ఎప్పుడన్నానని?

పూండి అమ్మాయి ఇళ్లల్లో వేరే పద్ధతి. బాప్టిస్టు సంఘం వాళ్లు. "మా అమ్మ కూడా మామూలుగా మా నాన్న పేరు అనదు ఆంటీ. ప్రార్థనలో మాత్రం ఇంటిపేరుతో సహా గట్టిగా సెప్పుద్ది. లేపోతే దేవుడికి ఏ ఆయనో ఎలా తెలుత్తాదీ అంటాది," అంది.

"మన కండక్టర్ కూడా అలాగే అడుగుతన్నాడు మరి," అన్నాడు సారు నీరసంగా.

రెండు రోజుల తర్వాత వంతెన బ్రహ్మాండంగా పనిచేయడం మొదలెట్టింది. ఆమె కొట్టే ప్రతి మాటా సక్రమంగా కుర్రాడి తెర మీదకే వస్తోంది. సారు సంబరపడిపోయి, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే తన స్నేహితులందరికీ ఖాతాలు ఇచ్చి, హాల్లోకి ఏదైనా కొట్టండర్రా, ఎంత రద్దీకి తట్టుకుంటుందో చూద్దాం అన్నాడు. వాళ్లు కొట్టారు. పొద్దుటి నుంచి కొడుతూనే ఉన్నారు. హాల్లో మాత్రం చడీచప్పుడూ లేదు. కండక్టర్ చెవిలో పెన్సిలుతో ఊరికే నిలబడ్డాడు.

"ఒక్క మాటా రావడం లేదేటి?" అంటూ సారు కుర్రాడి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. తీరా చూస్తే అన్ని మాటలూ కుర్రాడి తెర మీదే వరసగా దిగుతున్నాయి. బావా జీడిపిక్కల బస్తా ఎంత పలికింది, బావా రేపు వర్కర్లు రారట, బావా మీ అబ్బాయి మార్కులొచ్చేయా. కుర్రాడు చేసిన పని అప్పుడు బయటపడింది. "బావా" అని వస్తే అది తన పేరే అనుకోమని కండక్టర్‌కి చాటుగా నేర్పేశాడు. పాపం, పలాసలో బావ కాని మగాడెవడున్నాడని? టీ కొట్టువాడికి మీరు బావే, ఆటో అతనికి మీరు బావే. ఊరందరి బావల మాటలూ ఈ ఒక్క బావ నెత్తినే పడ్డాయి.

అంతలో సారు సొంత బావమరిది కొట్టింది దిగింది. "బావా, సాయంత్రం పేకాటకొత్తన్నావా? అక్కతో అనకు."

సారు మెడ వరకూ ఎర్రబడ్డాడు. మేం ముగ్గురం ఎవరి గోళ్లు వాళ్లం చూసుకున్నాం.

"ఆ బావల రూలు పీకేయ్. ఇప్పుడే పీకేయ్. పేరంటే పేరే," అన్నాడు.

ఇక ఆమెకి నచ్చజెప్పడం నా వంతయింది. ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లే మాట్లాడుకోవాలన్నాడు సారు. డజను మంచి అరటిపళ్లు కొనుక్కుని కవిటి బస్సెక్కాను. కొబ్బరితోటల మధ్య చిన్న పెంకుటిల్లు. వరండాలో మంచం మీద పంతులుగారు పడుకుని పేపరు చదువుతున్నాడు. చేతులు సన్నబడిపోయాయి గానీ కళ్లు బాగా చురుకు. ఆమె నా చేతిలో అరటిపళ్లు చూసి మొహమాటపడింది.

"నాన్నకి అవి కూడదండీ. డాట్రుగారు ఒద్దన్నారు."

"అరటిపళ్లేటి, బొండాం నీళ్లు కూడా ఒద్దన్నారు," అన్నాడాయన. "సుట్టూ ఎటు సూసినా కొబ్బరిసెట్లే. నాను మాత్రం గుక్కలు లెక్కెట్టుకుని మంచినీళ్లు తాగాల. సూసేరా తల్లీ, ఏటి నా భోగం!"

అని తనే నవ్వాడు. ఆ పళ్లు నేనే తిన్నాను, వాళ్లు ఒప్పుకోలేదు మరి.

నేను విషయంలోకి దిగాను. పరీక్ష సంగతి, ఉద్యోగం సంగతి, బెంగళూరు సంగతి అన్నీ చెప్పాను. ఆమెకి అన్నీ తెలుసు.

"నోటితో అనమని ఎవరన్నారమ్మా? వేలితో కొట్టడమే కదా," అన్నాను గొప్ప లాయరులా.

"వేలు మాత్రం నాది కాదేటండీ?" అంది.

"చదువుకున్నదానివి కదమ్మా..."

"అయ్యన్నీ నాకూ తెలుసండీ. పేరంటే ఆయుష్షు తగ్గుద్దని పెద్దోళ్లన్నారు. నిజమో అబద్దమో నాకు తెల్దు. ఇదిగో, మా నాన్నని సూత్తన్నారు కదా. ఈ ఒక్క మనిషిని నిలబెట్టుకోడానికి వారానికి రెండుసార్లు రైలెక్కుతన్నాను. ఇంకో మనిషి మీద పందెం కాయమంటారా?"

చివరికి రాజీ కుదిరింది. చివరి పరీక్ష నాడు ఆమె అసలు ఏమీ కొట్టదు. సరేనని లేచి వచ్చేశాను, ఇక గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. డయాలసిస్ రోజు కూడా అదే. నేనూ వస్తానని కుర్రాడు అంటే ఆమె వినలేదట, ఆఫీసుకి పొమ్మని తరిమిందట. సారు మా సెల్‌ఫోన్లన్నీ ఆపించి బల్ల సొరుగులో పెట్టించాడు, పరీక్ష మధ్యలో ఏదీ మోగకూడదని. ఆఫీసు ఫోనులో మేనేజరమ్మ ఉంది, స్పీకరు పెట్టుకుని మాట్లాడుతోంది. అంటే ఎవరైనా మాతో మాట్లాడాలంటే ఇక దారి లేదు, ఒక్క కండక్టర్ తప్ప.

హాల్లో డజను బొమ్మలు. వాళ్ల వాళ్లే బయటి నుంచి చాటుమాటలు పంపుతున్నారు, ఎవరిది వారికే చేరుతోంది. కుర్రాడు మధ్యమధ్య హాల్లో వివరాలు కొడుతున్నాడు. సగం పైగా అయిపోయింది. ఉన్నట్టుండి అతని వేళ్లు ఆగిపోయాయి. నేను వెనక నుంచి తొంగిచూశాను.

తెర మీద మొట్టమొదట అతని పేరు. ఇంటిపేరు, అసలు పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. దాని వెనక, "నాన్నకి రక్తం బాగా తక్కువైపోయిందట. ఈ రాత్రికే ఎక్కించాలట. నీ గ్రూపే కావాలి, ఇక్కడ దొరకలేదు. రా బావా."

హాల్లో బొమ్మలు మామూలుగానే ఉన్నాయి. ఆ మాట ఇంకెవరికీ కనబడలేదు.

పేరు కొట్టేసిందే! ఆ పిల్ల పేరు కొట్టేసిందే!

"నేను లేచిపోతే పని పోద్ది కదా మేడమ్," అన్నాడు కుర్రాడు గుసగుసగా. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"లెగు ముందు," అన్నాను.

సారు ఫోను వదిలి వచ్చి తెర చదివాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. మూడేళ్ల పని ఆ కళ్ల ముందు ఆడి ఉంటుంది. తర్వాత జేబులోంచి బండి తాళం తీసి కుర్రాడి మీదకి విసిరాడు. "ఇంకా నిలబడి సూత్తావేటి? కాంప్లెక్సుకి పో, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కు. బండి అక్కడే ఒగ్గీ!"

కుర్రాడు మెట్లు దిగుతున్న చప్పుడు కూడా ఆగకముందే స్పీకర్లోంచి మేనేజరమ్మ గొంతు వచ్చింది. మీ మనిషి కదలడం లేదే, వంతెన ఆగిపోయిందా అని. సారు గబగబా ఫోను దగ్గరికి వెళ్లాడు. ఆయనకి బాగా వచ్చిన ఇంగ్లీషంతా ఎటో పోయింది. పూండి అమ్మాయి బల్ల మీదకి వంగి స్పీకరు దగ్గర నోరు పెట్టింది. మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు, ఎవరికీ భయపడదు.

"అతనికి చాటుమాట వచ్చిందండీ. వాళ్ల మామగారికి ప్రాణం మీదకొచ్చింది. అతను వెళ్లిపోయాడు. హాల్లో మీలో ఎవరికైనా ఆ మాట కనబడిందా?"

ఆవిడ తన వాళ్లని ఒక్కొక్కరినీ అడిగింది. లేదు, లేదు, లేదు. ఎవరికీ కనబడలేదు.

"అదేనండీ మీరు చూపించమన్నది," అంది పూండి అమ్మాయి.

నేను కుర్రాడి కుర్చీలో కూచుని వింటున్నాను. ఆవిడ గొంతు తిరిగి వచ్చేసరికి కొంచెం మెత్తబడింది. ఇంకేం చూపించనక్కర్లేదు, ఆ పెద్దాయన సంగతి రేపు నాకు ఫోన్ చేసి చెప్పండి అంది. ఫోను పెట్టేసింది. సారు ఉన్నచోటే నేల మీద చతికిలబడి ఏడ్చేశాడు. టై కూడా విప్పలేదు.

రక్తం సమయానికి ఎక్కింది. పంతులుగారు ఇంటికి వచ్చాడు, ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు పేపరు చదువుకున్నాడు. పని మాకే వచ్చింది, అనుకున్నట్టే మూడేళ్లు నడిచింది. తర్వాత జనానికి బొమ్మల ఊళ్లంటే మొహం మొత్తింది, ఆ హాలుకి వచ్చేవాళ్లే లేకపోయారు. ఒకరోజు కండక్టర్‌ని ఆపేశాం. అప్పటికి కుర్రాడికి శ్రీకాకుళంలోనే వేరే ఉద్యోగం దొరికింది.

ఇక మిగిలింది నా పరువు సంగతి. ఆ పరీక్షయిన మర్నాటి నుంచి నేను ఊరుకున్నానా? టెక్కలి బస్సులో చెప్పాను, పలాసలో కూరల బజారులో చెప్పాను, మా ఆయనకి రోజుకోసారి చెప్పాను. ఆడదాని ప్రేమంటే అదండీ, తాతలనాటి కట్టుబాటు ఒక్క దెబ్బకి తెంపేసింది, ఆరు అక్షరాలు కొట్టి మొగుణ్ణి పిలిపించుకుంది! చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించేది. వినేవాళ్లలో ఇద్దరు ముగ్గురు కళ్లు కూడా తుడుచుకున్నారు. మా ఆయన మాత్రం, "నువ్వూ ఓసారి ప్రయత్నించి చూడకూడదూ?" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

పంతులుగారు ఆసుపత్రి నుంచి వచ్చాక నేనూ పూండి అమ్మాయీ చూడ్డానికి కవిటి వెళ్లాం. ఈసారి పళ్లు పట్టుకెళ్లలేదు. కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడు, మమ్మల్ని చూసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. ఆమె తండ్రి మంచం పక్కన కూచుని ఉంది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

"ఎంత ధైర్యం చేశావమ్మా! పేరు కొట్టేశావు! నేనైతే చేయలేకపోయేదాన్ని."

"ఓలమ్మ!" ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "నాను కొట్టడమేటండీ?"

మంచం మీద పంతులుగారికి నవ్వొచ్చి, దాని వెనక దగ్గొచ్చి, అది తగ్గడానికి కాసేపు పట్టింది.

"నానే కొట్టేను తల్లీ," అన్నాడు. "కుడిసేతికి సూదులున్నాయి. ఎడం బొటనేలితో కొట్టేను. బళ్లో హాజరు పట్టీ రాసినట్టు ఇంటిపేరుతో సహా. నాను కొడతన్నంతసేపూ ఇది అటు తిరిగి కళ్లు మూసుకుంది. పేరు కొట్టేసి ఇచ్చేను, మిగతాది ఇది కొట్టుకుంది."

నేను పూండి అమ్మాయి వైపు చూడలేదు. చూడకపోయినా అది నవ్వాపుకోలేక కుంచించుకుపోతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"మీరా?" అన్నాను నీరసంగా.

"నానే. ఆడి బారసాల నాడు ఆడి నాన్నకి, అదే మా బావకి, ఒంట్లో బాగోలేదు. పళ్లెంలో బియ్యం మీద ఆ పేరు రాసినోణ్ణి నానే. రెండోసారి రాయడానికి నాకేటి అడ్డం?" ఆయన కూతురి వైపు గడ్డం చూపించాడు. "ఇది ముందు ఏటి కొట్టిందో అడగండి. బావా అనే కొట్టింది. పంపేయబోతంది. నానే లాక్కున్నాను ఫోను. అలా ఎల్లిపోయుంటే మీ హాలందరికీ తెలిసిపోను."

నేను గిరుక్కున ఆమె వైపు తిరిగాను.

"హాలందరికీ పంపేసేదానివా? తెలిసి తెలిసి? మీ ఆయన ఉద్యోగం ఊడిపోయేది కదమ్మా! అంత ఆపదలో కూడా ఆ ఆరు అక్షరాలు కొట్టలేకపోయావా?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఏమీ తెలియని చిన్నపిల్లని చూసినట్టు చూసింది.

"ఉజ్జోగం పోతే పోద్దండీ. ఇక్కడ కాపోతే బెంగళూర్లో దొరుకుద్ది, అక్కడ కాపోతే ఇంకోకాడ. ఈ పక్క మా నాన్న అలాగున్నాడు. ఆ పక్క ఆయనకి కూడా ఏటైనా అయితే, నాను ఎక్కడికెల్లి తెచ్చుకోనండీ?"

గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు లోపలికి రావడం మరిచిపోయాడు.